‘పోదు’లో ‘కాదు’ ఎక్కడుంది? అర్థానికి అతి చిన్న ప్రమాణం గురించి

తిరుపతి బస్టాండులో కొండ బస్సులు ఆగే చోట కాసేపు నిలబడితే ఒక ప్రశ్న పదేపదే చెవిన పడుతుంది. “అన్నా, ఇది కొండకు పోతుందా?” చిల్లర లెక్కపెట్టుకుంటున్న కండక్టరు తలెత్తకుండానే “పోదు” అంటాడు. అడిగినవారు మారుమాట లేకుండా పక్క బస్సు దగ్గరకు నడుస్తారు. ఆ రెండక్షరాల జవాబులో వెళ్లడమనే పని ఉంది, అది జరగదన్న నిరాకరణ ఉంది, వెళ్లవలసింది ఒక్కటేనన్న సూచన ఉంది, అది మగమనిషి కాదన్న సంగతి కూడా ఉంది. మగవాడైతే ‘పోడు’ అనేవాడు. వీటిలో వెళ్లడాన్ని ‘పో’ చెబుతోందని వేలు పెట్టి చూపించవచ్చు. ‘దు’ కర్త ఎలాంటిదో చెబుతోందని కూడా చూపించవచ్చు. మరి ‘కాదు’ అన్న అర్థం ఏ అక్షరంలో ఉంది?

ఈ ప్రశ్న చూడటానికి చిన్నదే అయినా, అర్థవిజ్ఞానంలో ఉన్న పెద్ద చిక్కుకు ఇది దారి తీస్తుంది. అర్థానికి కనిష్ఠ ప్రమాణం ఏదని అడిగితే పుస్తకాల్లో రెండు వేరువేరు జవాబులు దొరుకుతాయి. పదాంశం అని కొన్నిచోట్ల, అర్థాంశం అని మరికొన్నిచోట్ల రాసి, రెండింటినీ “అర్థానికి సంబంధించిన అతి చిన్న ప్రమాణం” అనే నిర్వచిస్తారు. పరీక్షకు చదివే విద్యార్థి ఈ రెండూ ఒకటేనని అనుకుంటాడు, లేదా ఒకదానిలో మరొకటి ముక్క అనుకుంటాడు. నా దృష్టిలో రెండూ పొరపాటే. మొదటిది మాట రూపాన్ని కోసినప్పుడు మిగిలే ముక్క. రెండవది ఆ మాట మనసులో రేపే తలపును కోసినప్పుడు మిగిలే ముక్క. కోత రేఖలు రెండూ ఒకే చోట పడాలన్న నియమం ఏమీ లేదు.

ముందు రూపం సంగతి చూద్దాం. ‘ఆవులకు’ అన్న మాటను ‘ఆవుకు’, ‘ఆవులను’, ‘మేకలకు’ అన్న మాటల పక్కన పెడితే ఏ ముక్క మారినప్పుడు ఏ అర్థం మారుతోందో తెలుస్తుంది. ఏది ఉంటే ఆ అర్థం ఉంటుందో, ఏది తీసేస్తే ఆ అర్థం పోతుందో చూసే ఈ పద్ధతిని మన వైయాకరణులు అన్వయవ్యతిరేకాలు అన్నారు. అలా చూస్తే ‘ఆవు’, ‘ల’, ‘కు’ అనే మూడు పదాంశాలు తేలుతాయి. ‘ఆవు’ను ఇంకా కోస్తే ‘ఆ’, ‘వు’ అవుతాయి కాని, అక్కడ పశువు మాయమవుతుంది. ‘ఆ’ అనేది తెలుగులో విడిగా అర్థమున్న మాటే, ‘ఆ ఇల్లు’ అంటాం. అయితే ‘ఆవు’లో ఉన్న ‘ఆ’ అది కాదు. ధ్వని ఒకటైనంత మాత్రాన పదాంశం ఒకటి కాదు.

అక్షరాలకే అర్థం ఎందుకు ఉండకూడదు అన్న ప్రశ్నను క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన పతంజలి, పాణిని వ్యాకరణానికి తాను రాసిన వ్యాఖ్య మహాభాష్యంలోనే తరచి చూశాడు. కూపం అంటే బావి, సూపం అంటే పప్పు, యూపం అంటే యజ్ఞస్తంభం; మొదటి హల్లు ఒక్కటి మారితే అర్థమంతా మారుతోంది కాబట్టి ఆ హల్లులోనే అర్థం ఉందనవచ్చు కదా అన్నది పూర్వపక్షం. అలాగైతే మూడింటిలోనూ మిగిలిన ‘ఊప’కు కూడా ఉమ్మడి అర్థం ఏదో ఒకటి ఉండాలి, అటువంటిది లేదు. రథపు భాగాలు విడివిడిగా ఏదీ నడవలేకపోయినా కూడితే రథం నడుస్తుందన్న పోలికతో అర్థం సముదాయానిదేనని అక్కడ తేల్చారు. అయితే ఒకే అక్షరంతో ఉన్న ధాతువులకు, ప్రత్యయాలకు, నిపాతాలకు అర్థం ఉందని కూడా ఆ చర్చలోనే ఒప్పుకున్నారు. తెలుగు మాట్లాడేవారికి ఇది వింత కాదు. వాడే, వాడూ, వాడా, వాడో అన్న నాలుగు మాటల్లో ఒక్కొక్క అచ్చు ఒక్కొక్క పని చేస్తోంది: ఒకటి నొక్కి చెబుతుంది, ఒకటి మరొకరితో కలుపుతుంది, ఒకటి అడుగుతుంది, ఒకటి అనుమానిస్తుంది. కాబట్టి పొడవు లెక్కలోకి రాదు. అక్షరం ఎప్పుడు పదాంశమవుతుంది, ఎప్పుడు వట్టి ధ్వనిగా మిగులుతుంది అన్నదే లెక్క.

ఒకే పదాంశం వేషం మార్చుకోవడం మామూలే. బహువచనపు ‘లు’ విభక్తి ముందు ‘ల’ అవుతుంది, ‘గుడి’ వెనక చేరి ‘గుళ్లు’ అవుతుంది, వీటిని సపదాంశాలంటారు. చిక్కు అక్కడ లేదు, అసలు రూపమే కనబడని చోట ఉంది. అందుకే మళ్లీ ‘పోదు’ దగ్గరకు రావాలి. నిరాకరణ ‘దు’లోనే ఉందని మొదట అనిపిస్తుంది, ఎందుకంటే రాదు, లేదు, కాదు అన్నింటిలోనూ అది ఉంది. కాని పోను, పోవు, పోడు, పోము, పోరు అన్న వరుసను పోతాను, పోతావు, పోతాడు, పోతాము, పోతారు అన్న వరుస పక్కన పెట్టి చూడండి. చివరి ముక్కలు రెండు వైపులా అవే. తేడా అల్లా మధ్యనున్న ‘తా’ ఒకవైపు ఉంది, ఇంకోవైపు లేదు. అంటే ‘పోను’ అన్న మాటలో ‘వెళ్లడం’ ఉంది, ‘నేను’ ఉంది, కాలాన్ని తెలిపే ముక్క ఉండవలసిన చోట ఖాళీ ఉంది. ‘కాదు’ అన్న అర్థం ఆ ఖాళీలో కూర్చుంది. ‘చెప్పను’, ‘తినను’ అన్నప్పుడు ధాతువు తరువాత వినిపించే అకారమే వ్యతిరేక ప్రత్యయమని, పో, రా వంటి దీర్ఘాంత ధాతువుల వెనక అది కనబడకుండా పోయిందని వివరించవచ్చు. “అదర్శనం లోపః” అన్న పాణిని సూత్రం ఇటువంటి సందర్భానికి అచ్చంగా సరిపోతుంది: కనబడకపోవడానికి కూడా వ్యాకరణంలో ఒక పేరు, ఒక స్థానం ఉన్నాయి. ఆధునిక భాషాశాస్త్రం దీన్నే శూన్య పదాంశం అంటుంది. కండక్టరుకు ఈ గొడవేదీ పట్టదు, ప్రయాణికుడికీ పట్టదు, అయినా ఇద్దరి మధ్య ఆ లేని ముక్క తప్పు లేకుండా చేతులు మారుతుంది.

రూపం ఉండి అర్థం వెలిసిపోయిన ముక్కలు మరో రకం. ‘తిరుమల’లో ‘మల’ అంటే కొండ, ‘నల్లమల’లోనూ అదే. కాని ఈనాడు తెలుగులో “మల ఎక్కి దర్శనం చేసుకున్నాం” అనేవారెవరూ లేరు. ఆ ముక్క ఊళ్ల పేర్లలో, అడవుల పేర్లలో బిగుసుకుపోయింది. ‘తిరు’ కూడా విడిగా నిలబడదు, అయినా తిరుచానూరు, తిరునాళ్లు, తిరునామం, తిరువీథి అన్న మాటలు విన్న చెవికి అందులో పవిత్రతకు సంబంధించినదేదో ఉందని తడుతుంది. ‘చిత్తూరు’లో ‘ఊరు’ నిక్షేపంలా వినబడుతుంది. ముందున్నది చిన్నది అన్న అర్థమిచ్చే తమిళ మాట అని, మొత్తం పేరుకు ‘చిన్న ఊరు’ అని అర్థమని సాధారణంగా చెబుతారు. తమిళం తెలియని తెలుగువాడికి మాత్రం ఆ ‘చిత్తు’ వట్టి గుర్తు. చిత్తుకాగితం ఎవరికీ గుర్తు రాదు కదా. ఇటువంటి ముక్కలకు అర్థం ఉందనాలా, లేదనాలా అన్నది మాట్లాడేవారిలో ఎవరిని అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇక రెండవ కోత. పదాంశానికి ఉన్న అర్థానికి విడిగా ఒక పేరు కావాలనిపించి, స్వీడన్ భాషావేత్త అడాల్ఫ్ నోరేన్ 20వ శతాబ్ది తొలినాళ్లలో వాడిన ‘సెమీమ్’ అన్న మాటను అమెరికాలో లెనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933లో తన ప్రసిద్ధ గ్రంథంలో స్థిరపరిచాడు. పదాంశం రూపమైతే సెమీమ్ దాని అర్థం. కాని ఆ పేరును స్థిరపరిచిన బ్లూమ్‌ఫీల్డే దాని జోలికి వెళ్లడానికి జంకాడు. ఉప్పు అంటే సోడియం క్లోరైడ్ అని రసాయనశాస్త్రం చెప్పగలదు కాబట్టి ఆ మాట అర్థాన్ని నిర్వచించవచ్చు. ప్రేమ, ద్వేషం వంటి మాటలకు అటువంటి శాస్త్రం ఇంకా లేదు కాబట్టి అర్థవిచారం భాషాధ్యయనంలో బలహీనమైన చోటుగా మిగులుతుందని ఆయన తేల్చాడు. ఈ వాదన నాకు ఎప్పుడూ మింగుడుపడదు. వంటింట్లో “ఉప్పు తక్కువైంది” అనే మనిషికి సోడియంతో పని లేదు. ఆ మాటకు అర్థం ఆమె నాలుక మీద ఉంది.

సెమీమ్‌ను మరింత సన్నగా కోయవచ్చని తరువాతివారు చూపారు. 1960లలో ఫ్రాన్సులో బెర్నార్ పొతియే కూర్చునే సామాన్ల పేర్లను తీసుకుని, కాళ్లున్నాయా, వీపు ఆనించే చోటుందా, చేతులు పెట్టుకునే చోటుందా, ఒక్కరికా పలువురికా అన్న ప్రశ్నలతో వాటిని విడదీశాడు. ఆ ఒక్కొక్క లక్షణాన్ని ‘సీమ్’ అన్నారు. మనం అర్థాంశం అందాం. కుర్చీకి వీపు లక్షణం తీసేస్తే స్టూలు, పలువురన్న లక్షణం చేరిస్తే బెంచీ అన్నట్టు సాగుతుంది ఆ లెక్క. అర్థాంశానికి రూపం ఉండదని గమనించాలి. ‘కుర్చీ’లో ‘వీపు ఆనించే చోటు’ అన్న అర్థాన్ని మోసే అక్షరం ఏదీ లేదు.

ఈ పద్ధతి బలం తెలియాలంటే సామాన్లకన్నా చుట్టరికాలు మంచి ఉదాహరణ. 1956లో మానవశాస్త్రవేత్త వార్డ్ గుడెనఫ్ పసిఫిక్ మహాసముద్రంలోని ట్రక్ ద్వీపవాసుల బంధువాచకాలను, ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ అమెరికాలోని పానీ తెగవారి బంధువాచకాలను ఇదే తీరున విశ్లేషించారు. అదే పని మన ఇంట్లో చేసి చూద్దాం. ‘అక్క’ అన్న మాటను రూపపరంగా కోయలేం, అది ఒకే పదాంశం. దాని అర్థంలో మాత్రం నా తరం, ఆడమనిషి, నాకన్నా పెద్ద అన్న మూడు అంశాలు ఉన్నాయి. రెండవదాన్ని తిప్పితే అన్న, మూడవదాన్ని తిప్పితే చెల్లెలు, రెండూ తిప్పితే తమ్ముడు. ఇంతటితో అయిపోతే సంగతి సులువే. పెదనాన్న కూతురూ అక్కే, పిన్ని కూతురూ అక్కే, అయితే మేనమామ కూతురు ఎంత పెద్దదైనా అక్క కాదు, వదిన. అక్కకూ వదినకూ తరంలో, ఆడతనంలో, పెద్దరికంలో తేడా లేదు. తేడా నాలుగవ అంశంలో ఉంది: ఆ బంధం అన్నదమ్ముల వైపుదా, అక్కచెల్లెళ్ల వైపుదా, లేక మేనరికపు వైపుదా అన్నదే అది. ఈ ఒక్క అంశాన్ని ఒప్పుకుంటే ఇంకో ముడి దానంతటదే విడిపోతుంది. అన్న భార్యను కూడా వదిన అనే ఎందుకంటాం? మేనరికం చేసుకునే పద్ధతిలో అన్న భార్య కాదగిన మనిషి మేనమామ కూతురో, మేనత్త కూతురో అవుతుంది కాబట్టి. ఒక తెలుగు పిల్లవాడు అయిదారేళ్లకే తప్పు లేకుండా వాడే ఈ మాటల వెనక ఇంత బీజగణితం ఉందంటే విశ్లేషణ చేసేవరకు ఎవరికీ తోచదు.

చిత్తూరు వైపు తండ్రి తమ్ముణ్ణి ‘చిన్నాయన’ అంటారు. ఇది రూపంలో చిన్న, నాయన అని రెండుగా విడిపోతుంది. కాని ఇక్కడి ‘చిన్న’కు పొట్టి అన్న అర్థం లేదు, వయసులో నాకన్నా చిన్న అన్న అర్థమూ లేదు, నాయనకన్నా చిన్న అన్నదే అర్థం. మరి బస్టాండులో “అన్నా” అని పిలిచినప్పుడు ఏమైంది? పిలిచినవారికి యాభై ఏళ్లుండి కండక్టరుకు ముప్పై ఉన్నా ‘అన్నా’ అనే అంటారు. రక్తసంబంధం పోయింది, పెద్దరికం పోయింది, మగతనం మాత్రం నిలిచింది, లేని మర్యాద ఒకటి కొత్తగా వచ్చి చేరింది. అర్థాంశాలు బండికి బిగించిన మేకుల వంటివి కావని, కొన్ని వదులుగా ఉండి సందర్భాన్ని బట్టి ఊడి వస్తాయని ఈ చిన్న పిలుపు చెబుతుంది.

అర్థాంశాల మీద వచ్చిన గట్టి ఆక్షేపణ వేరే ఉంది. ‘అక్క’ను ‘ఆడ’, ‘పెద్ద’ అన్న మాటలతో వివరించాం. ఆ మాటలకు అర్థం ఏమిటి? 1963లో అమెరికా పండితులు కాట్జ్, ఫోడర్ ప్రతిపాదించిన, మాట అర్థాన్ని గుర్తుల జాబితాగా రాసే అర్థసంకేతాల పద్ధతిని కూడా ఇదే ప్రశ్నతో నిలదీశారు. దీనికి పోలండ్‌లో పుట్టిన ఆనా వియెర్జ్‌బిట్స్కా ఇచ్చిన జవాబు సాహసోపేతమైనది. అన్ని భాషల్లోనూ ఉండి, ఇంకా విడగొట్టడానికి వీలులేని మూల భావాలు కొన్ని ఉన్నాయని, మిగతా మాటలన్నింటినీ వాటితోనే వివరించాలని ఆమె అన్నది. 1972లో ఆమె జాబితాలో 14 భావాలుండేవి. ఇప్పుడు అవి 65. నేను, నువ్వు, మంచి, చెడ్డ, అనుకోవడం, తెలియడం, కోరుకోవడం వంటివి అందులో ఉన్నాయి. జాబితా పెరుగుతూ పోవడాన్ని ఎత్తిపొడిచేవారు ఉన్నారు. నాకు మాత్రం అందులో తెలుగుకు పనికివచ్చే పాఠం ఒకటి కనిపిస్తుంది. “నాకు టీ కావాలి” అన్న వాక్యంలోని ‘కావాలి’ రూపంలో విడిపోతుంది. ‘కా’ అన్నది ‘అగు’ ధాతువు రూపం, వెనక ఉన్నది ‘వలెను’ నుంచి వచ్చింది. అర్థంలో మాత్రం అది విడిపోని మూల భావం. ‘అక్క’ దీనికి సరిగ్గా తలకిందులు: రూపంలో ఒక్కటి, అర్థంలో నాలుగు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుంటే పదాంశానికీ అర్థాంశానికీ ఉన్న తేడాను వేరే నిర్వచనం అక్కరలేకుండా పట్టుకోవచ్చు.

లక్షణాల జాబితాతోనే అర్థం పూర్తవుతుందా అన్న అనుమానం నాకు చిత్తూరు వైపు ఆవులను చూసి బలపడింది. పతంజలి తన గ్రంథాన్ని మొదలుపెడుతూ ‘గౌః’ అన్నదానిలో శబ్దమేది అని అడిగి, దేన్ని ఉచ్చరిస్తే గంగడోలు (మెడ కింద వేలాడే తోలు), తోక, మోపురం, గిట్టలు, కొమ్ములు ఉన్నదాని తెలివిడి కలుగుతుందో అదే శబ్దం అన్నాడు. ఆయన చెప్పదలచినది శబ్దం గురించే కాని ఆవు గురించి కాదు, అయినా ఆ అయిదింటి పట్టిక చూస్తే తొలి అర్థాంశ విశ్లేషణలా కనిపిస్తుంది. గంగడోలు కలిగి ఉండటమే ఆవుకు లక్షణమని తరువాతి తార్కికులు ఉదాహరణగా వాడుతూ వచ్చారు. ఇప్పుడు తెల్లవారుజామున పాలకేంద్రానికి పాలు తెచ్చే రైతు కొట్టంలోకి వెళ్లండి. అక్కడ కట్టేసి ఉన్న జెర్సీ సంకరజాతి ఆవుకు మోపురం ఉండీ లేనట్టు ఉంటుంది, గంగడోలు అంతంత మాత్రం, దూడప్పుడే కాల్చేయడం వల్ల కొన్నింటికి కొమ్ములూ ఉండవు. పట్టికలో సగం పోయింది. అయినా దాన్ని ఆవు కాదనే మనిషి లేడు. అదే వైపు పేరు మోసిన పుంగనూరు ఆవు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, మేక పక్కన నిలబెడితే పెద్ద తేడా కనిపించదు. ఎత్తు పట్టికలో లేదు కాబట్టి పతంజలికి దానితో ఇబ్బంది లేదు. బయటి ఊరివారే మొదటిసారి చూసి దూడ అనుకుంటారు. 1970లలో అమెరికా మనస్తత్వవేత్త ఎలనార్ రాష్ చేసిన ప్రయోగాలు తేల్చింది ఇదే: మనసులో ఒక మాటకు అంచులు గీసిన పట్టిక ఉండదు, నడిమధ్య ఒక నమూనా ఉంటుంది, దానికి దగ్గరైనవి ఎక్కువగా, దూరమైనవి తక్కువగా ఆ మాటకు చెందుతాయి.

ఆవు అన్న ఒక్క మాట చాలనప్పుడు భాష ఏం చేస్తుందో కూడా ఆ కొట్టంలోనే వినవచ్చు. మోపురమున్నది నాటావు, జెర్సీది సీమావు. ఇక్కడి ‘సీమ’ పరదేశం, ‘సీమచింత’లో ఉన్నదీ అదే. ‘సీమ మనిషి’ అన్నప్పుడు మాత్రం సీమ అంటే రాయలసీమ. అంటే సీమలో సీమావు పరాయిది, సీమ మనిషి ఇంటివాడు. ఒకే రూపానికి ఉన్న ఈ రెండు అర్థాలూ రెండు సెమీమ్‌లు. ఏ సెమీమ్ తెరుచుకోవాలో పక్కన ఆవు ఉందా, మనిషి ఉన్నాడా అన్నది నిర్ణయిస్తుంది.

పక్కనున్న మాట ఇంత పని చేస్తున్నప్పుడు ముక్కకు సొంత అర్థం ఎంత అన్న ప్రశ్న రాక తప్పదు. ఉపసర్గల (మాట ముందు చేరే ఆ, వి, సం, పరి వంటి ముక్కల) విషయంలో ఈ తగవును యాస్కుడు వేదపదాల అర్థాలు చెప్పే నిరుక్తంలో నమోదు చేశాడు: విడిగా ఉపసర్గలకు అర్థం చెప్పలేమని శాకటాయనుడు, వాటికి రకరకాల అర్థాలున్నాయని గార్గ్యుడు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్న మాటలు ఈ చర్చకు పాత ఉదాహరణలు. సంస్కృతం చదివినవారికి వీటన్నింటిలో ఒకే ధాతువు కనిపిస్తుంది. తెలుగువాడికి ‘హారం’ అంటే మెడలో వేసుకునేది, నష్టపరిహారంలో దండ కనబడదు, కాబట్టి అతని వరకు ఆ నాలుగూ కోతకు లొంగని నాలుగు మాటలు. తిరుపతిలోని సంస్కృత విశ్వవిద్యాలయంలో ఒకరు, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో మరొకరు ఇదే మాటను కోస్తే ముక్కల లెక్క తేలడంలో తేడా రావచ్చు, ఇద్దరూ తప్పు కాకపోవచ్చు.

ముక్కకు సొంత అర్థం లేదన్న వాదాన్ని వైయాకరణుడు భర్తృహరి చివరిదాకా తీసుకుపోయాడు. ‘బ్రాహ్మణకంబలం’ అన్నది ఒక రకం కంబళి పేరు. అందులో బ్రాహ్మణుడనే అర్థం ఎలా లేదో, వాక్యంలో దేవదత్తుడు మొదలైన పదాలకు కూడా అలాగే విడి అర్థం లేదని వాక్యపదీయంలో అన్నాడు. ఆయన లెక్కలో అర్థానికి అసలు ప్రమాణం వాక్యమే, పదాలూ పదాంశాలూ చదువు చెప్పడానికి మనం గీసుకున్న గీతలు. ఇది మరీ అతిగా తోచవచ్చు. కాని తిరుపతిలో మనకూ ఒక బ్రాహ్మణకంబలం ఉంది. ఒంటి మీదున్న నగలన్నీ తీసి హుండీలో వేసే మొక్కును నిలువుదోపిడి అంటారు. నిలువు ఉంది, దోపిడి ఉంది, దొంగ మాత్రం లేడు. మొక్కు తీర్చుకుని బోసి మెడతో దిగివచ్చిన ఆవిడను ఎవరు దోచుకున్నారని ఊళ్లో ఎవరూ అడగరు. అదే మాట, సెలవుల రద్దీలో గది అద్దె మూడింతలు కట్టి వచ్చిన యాత్రికుడి నోట వినబడితే దోపిడికి ఒక్కసారిగా ప్రాణం లేచివస్తుంది. రెండు చోట్లా పదాంశాలు అవే, వరుస అదే. “నిలువుదోపిడి ఇచ్చాం” అన్నారా, “నిలువుదోపిడి చేస్తున్నారు” అన్నారా అని చివరి క్రియ వినేదాకా ఆ మాటలో దోపిడి ఉందో లేదో చెప్పలేం.